మత్తు అనుకున్నారు... మరపు జబ్బని తెలీలేదు!

1976 జనవరిలో ఒకరోజు. లండన్‌లోని హీత్రూ విమానాశ్రయంలో ఒక విమానం వచ్చి ఆగింది. అందులోంచి యాభై ఏడేళ్ల ఒకావిడని పక్కవాళ్లు పట్టుకుని కిందికి దించారు. చెదిరిపోయిన జుట్టు, బిత్తర చూపులు, తానెక్కడుందో అర్థంకాని ముఖం. ప్రయాణంలో కోపంతో గొడవ చేసిందని కబురు పొక్కింది. కాచుకుని ఉన్న ఫోటోగ్రాఫర్లు వదుల్తారా? ఆ ఫోటోలు పత్రికలకెక్కాయి. చూసినవాళ్లు అయ్యో పాపం అన్నారు. ఆ వెంటనే, తాగుడు మనిషిని ఎంత పాడు చేస్తుందో చూశారా అని కూడా అనుకున్నారు.

ఆవిడ రీటా హేవర్త్. 1940లలో హాలీవుడ్‌ని ఏలిన అందాల తార. ఆ రోజు ఆమెని అలా చేసింది మత్తు మాత్రమే కాదనీ, అప్పటికే కొన్నేళ్లుగా మెదడుని లోలోపల తినేస్తున్న అల్జీమర్స్ వ్యాధి అనీ తెలియడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. ఈలోగా పరువు పోయింది. పని పోయింది. జబ్బు పేరు తెలిసేలోగానే నింద వచ్చి మీద పడింది. ఆమె జీవితం మొత్తం చూస్తే ఆ నింద ఎంత బరువైందో అర్థమవుతుంది.

ఆడుకునే వయసులోనే సంపాదన

రీటా అసలు పేరు మార్గరీటా కార్మెన్ కాన్సినో. 1918 అక్టోబరు 17న న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో పుట్టింది. తండ్రి ఎడ్వర్డో కాన్సినో స్పెయిన్ నుంచి వలస వచ్చిన నాట్యకారుడు. తల్లి వోల్గా హేవర్త్ కూడా రంగస్థలం మీద పనిచేసినావిడే. తర్వాత ఇద్దరు తమ్ముళ్లు పుట్టారు. ఊహ తెలిసీ తెలియకముందే ఆ పిల్లకి నాట్య శిక్షణ మొదలైంది.

1927లో వాళ్ల కుటుంబం హాలీవుడ్‌కి మారింది. ఆ తర్వాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో తండ్రి సంపాదన దెబ్బతింది. దాంతో పన్నెండేళ్ల కూతుర్నే తన జోడీగా పెట్టుకుని ప్రదర్శనలు మొదలుపెట్టాడు. అంత చిన్నపిల్లని కాలిఫోర్నియా నైట్‌క్లబ్బుల్లో ఆడనివ్వరు కనుక సరిహద్దు దాటించి మెక్సికోలోని టిహువానా తీసుకెళ్లేవాడు. చదువు తొమ్మిదో తరగతితోనే సరి. ఆడేది కూతురు, డబ్బు లెక్క చూసేది తండ్రి. ఆ రోజుల్లో తండ్రి ఆమెని హింసించాడని కూడా 1989లో ఆమె జీవితచరిత్ర రాసిన బార్బరా లీమింగ్ చెప్పింది.

పద్దెనిమిదేళ్లకి, 1937లో, ఎడ్వర్డ్ జడ్సన్‌ని పెళ్లి చేసుకుంది. అతని వయసు ఆమెకి రెట్టింపు. తండ్రి చేతిలోంచి భర్త చేతిలోకి పగ్గాలు మారాయంతే. సినిమాల్లో నిలదొక్కుకోవాలంటే స్పానిష్ పోలికలు పనికిరావన్నారు. నల్లజుట్టుకి ఎర్రరంగు వేశారు. నుదురు విశాలంగా కనిపించాలని ముందు వెంట్రుకల్ని కుదుళ్లతో సహా విద్యుత్తుతో తీయించారు. ఎంత నొప్పో ఊహించండి! తల్లి ఇంటిపేరు తగిలించి మార్గరీటాని రీటా హేవర్త్‌గా మార్చారు.

తెరమీద అంత ధీమాగా కనిపించే ఈ అమ్మాయి బయట మహా సిగ్గరి. నలుగురిలో నోరు విప్పేది కాదు. కానీ కాలు కదిపితే మాత్రం సాటిలేదు. గొప్ప నాట్యకారుడు ఫ్రెడ్ అస్టైర్‌తో 1941లో ఒకటి, 1942లో ఒకటి సినిమాలు చేసింది. కొత్త అడుగులు చూపించీ చూపించగానే పట్టేసేదని అస్టైర్ ఆమెని మెచ్చుకునేవాడు. ఇది గుర్తుంచుకోండి. అంత చురుకైన జ్ఞాపకశక్తి ఆమెది.

గిల్డా కీర్తి... ఐదు పెళ్లిళ్లు

1946లో వచ్చిన 'గిల్డా' సినిమాతో రీటా పేరు దేశదేశాల్లో మోగిపోయింది. ఎంతగా అంటే, ఆ ఏడాది పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల దగ్గర అమెరికా పరీక్షించిన అణుబాంబుకి ఆమె బొమ్మ అంటించి, గిల్డా అని పేరు రాశారు. ఆమె దానికి మురిసిపోలేదు, కోపంతో మండిపడింది.

పెళ్లిళ్లు మాత్రం ఏదీ నిలవలేదు. 1943లో నటుడు, దర్శకుడు ఆర్సన్ వెల్స్‌ని చేసుకుంది. 1944లో పెద్దకూతురు రెబెకా పుట్టింది. ఆ కాపురం నాలుగేళ్లకే చెదిరింది. 1949 మే నెలలో ఆగాఖాన్ కొడుకు అలీఖాన్‌తో ఫ్రాన్సులో వైభవంగా పెళ్లి జరిగింది. అదే ఏడాది డిసెంబరులో రెండో కూతురు యాస్మిన్ పుట్టింది. అలీఖాన్‌తో బంధం 1953లో తెగిపోయింది. తర్వాత గాయకుడు డిక్ హేమ్స్‌తో, ఆ తర్వాత నిర్మాత జేమ్స్ హిల్‌తో చేసుకున్న పెళ్లిళ్లు కూడా నాలుగేళ్లు దాటలేదు.

ఈ ఒడుదొడుకుల్లోనే తాగుడు అలవాటైంది. ఆమె తాగిన మాట నిజమే. కష్టాలున్నాయి, తాగుడుంది, వయసు మీద పడుతోంది. అందుకే తర్వాత ఆమెలో ఏ మార్పు కనిపించినా జనం వెంటనే ఈ మూడింట్లో ఒక కారణం చెప్పేశారు. నాలుగో కారణం ఉండొచ్చని ఎవరికీ తట్టలేదు.

నాలిక మీద నిలవని డైలాగు

1960లలోనే చిన్న చిన్న తేడాలు కనిపించాయి. ఉన్నట్టుండి కోపం, ఉన్నట్టుండి మౌనం. 1971లో రంగస్థల నాటకం కోసం ప్రయత్నించింది. సంభాషణలు ఎంత బట్టీపట్టినా నిలవలేదు. చివరికి వదులుకోక తప్పలేదు. 1972లో వచ్చిన 'ది రాత్ ఆఫ్ గాడ్' ఆమె ఆఖరి సినిమా. అప్పటికి పరిస్థితి ఎలా ఉందంటే, ఒక్కో వాక్యం అందిస్తూ, ఆ ఒక్క వాక్యాన్నే చిత్రీకరిస్తూ సినిమా పూర్తిచేయాల్సి వచ్చింది. అడుగుల్ని చూడగానే పట్టేసిన మనిషికి చిన్న వాక్యం కూడా నిలవకపోవడం ఎంత నరకమో! సెట్టు మీద అందరూ తననే చూస్తుంటే ఆమె ఎంత చితికిపోయి ఉంటుందో!

1974లో మరో దెబ్బ. ఇద్దరు తమ్ముళ్లూ వారం తేడాలో చనిపోయారు. రీటా మరింత కుంగిపోయింది.

ఆ రోజుల నాటి సంగతి ఒకటి నటి ఆన్ మిల్లర్ తర్వాత చెప్పింది. ఆమెనీ ఇంకో స్నేహితుణ్ణీ రీటాయే భోజనానికి పిలిచింది. తీరా వాళ్లు వెళ్తే తలుపు దగ్గర చేతిలో కత్తితో నిలబడి, ఎవరో సంతకాల కోసం వచ్చిన అభిమానులనుకుని వెళ్లిపొమ్మని కేకలేసింది. మర్నాడు తనే ఫోన్ చేసి, భోజనానికి ఎందుకు రాలేదని అడిగింది. పిలిచిన సంగతి గుర్తుంది. వచ్చిన మనుషులే పరాయివాళ్లలా కనిపించారు. రాత్రి జరిగిందంతా తుడిచిపెట్టుకుపోయింది. ఇది మత్తులో చేసిన రభస అనుకోవడం ఎంత తేలికో చూశారా?

లోపల జరిగేదేమిటి?

అల్జీమర్స్ అంటే మతిమరుపు ఒక్కటే అనుకుంటాం. అది మొదటి మెట్టు మాత్రమే. ఈ జబ్బులో మెదడు కణాల మధ్య అమిలాయిడ్ అనే మాంసకృత్తి మచ్చల్లా పేరుకుంటుంది. కణాల లోపల టౌ అనే మరో మాంసకృత్తి చిక్కుపడిన దారపు ఉండల్లా తయారవుతుంది. కణాలు మెల్లగా చచ్చిపోతాయి. కొత్త విషయాల్ని దాచిపెట్టే హిప్పోక్యాంపస్ అనే భాగం ముందుగా దెబ్బతింటుంది. అందుకే చిన్నప్పటి సంగతులు పూసగుచ్చినట్టు చెప్పే పెద్దావిడకి, పొద్దున కాఫీ తాగారో లేదో గుర్తుండదు. ఆవిడ నాటకమాడటం లేదు. ఆ పొద్దుటి సంగతి ఆవిడ మెదడులో అసలు నమోదే కాలేదు.

తర్వాత పనుల వరస చెడుతుంది. మనం ఆలోచించకుండా చేసే ఉప్మానే తీసుకోండి. బాణలి పెట్టాలి, నూనె పోయాలి, పోపు వేగాలి, నీళ్లు మరగాలి, అప్పుడు రవ్వ పోయాలి. ఈ వరసంతా మెదడు చూసుకుంటుంది కనుక మనకి తేలిగ్గా ఉంటుంది. జబ్బు ముదిరేకొద్దీ ఒక్కో మెట్టు జారిపోతుంది. పోపు వెయ్యకుండానే రవ్వ పోసేస్తారు. స్టవ్ వెలిగించి మర్చిపోతారు. జాకెట్టు తొడుక్కోకుండానే చీర చుట్టుకుంటారు. బజారులో చిల్లర లెక్కపెట్టలేక ఉన్న నోట్లన్నీ కొట్టువాడి చేతిలో పెట్టేస్తారు. పాతికేళ్లు నడిచిన వీధిలో ఇంటికి దారి తెలీక నిలబడిపోతారు.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. ఈ జబ్బు చూపుని కూడా మార్చేస్తుంది. కళ్లు బాగానే ఉంటాయి. కంటికి కనిపించినదాన్ని అర్థం చేసుకోవాల్సిన మెదడే తడబడుతుంది. నేలమీద పరిచిన నల్లటి పట్టా గోతిలా తోస్తుంది. అందుకే అక్కడ ఆగిపోయి అడుగు ముందుకెయ్యరు. తెల్లటి పళ్లెంలో పెట్టిన తెల్లన్నం కంటికి ఆనదు, తినకుండా లేచిపోతారు. మెట్టు ఎంత లోతుందో అంచనా అందక పడిపోతారు. అద్దంలో తమ ముఖాన్నే చూసి ఇంట్లోకి ఎవరో వచ్చారని భయపడతారు. టీవీలో మాట్లాడేవాళ్లు గదిలోనే ఉన్నారనుకుంటారు. పొద్దువాలే వేళకి కంగారు ఎక్కువై, సొంత ఇంట్లోనే కూర్చుని ఇంటికి తీసుకెళ్లమని ఏడుస్తారు.

ఇలాంటి మనిషిని విమానంలో గంటల తరబడి కూర్చోబెట్టి, కొత్త దేశంలో, కొత్త ముఖాల మధ్య, కళ్లు జిగేల్మనే కెమెరా వెలుగుల్లోకి దింపితే ఏమవుతుంది? హీత్రూలో రీటా ముఖంలో కనిపించిన బెదురుని ఇప్పుడు ఇంకోలా చూడగలుగుతున్నాం కదా!

పేరున్నా పట్టించుకోని జబ్బు

అలాగని ఈ జబ్బు కొత్తదేం కాదు. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రికి ఆగస్టె డెటర్ అనే యాభై ఒక్కేళ్ల గృహిణిని తీసుకొచ్చారు. మరపు, అనుమానం, కంగారు ఆమె లక్షణాలు. డాక్టర్ అలోయిస్ అల్జీమర్ ఆమెని శ్రద్ధగా పరిశీలించాడు. 1906లో ఆమె చనిపోయాక మెదడుని సూక్ష్మదర్శినిలో చూసి, ఆ మచ్చల్నీ చిక్కుల్నీ లోకానికి చెప్పాడు. 1910లో ఈ జబ్బుకి ఆయన పేరు పెట్టారు.

కానీ ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఇది నడివయసులో ఎవరికో వచ్చే అరుదైన జబ్బు అనుకున్నారు. ముసలివాళ్లలో కనిపించే మరపుని వయసు కింద కొట్టిపారేశారు. ఆ రెండూ చాలావరకు ఒకే జబ్బనీ, ఇది లక్షల మందిని బలితీసుకుంటోందనీ నరాల వైద్య నిపుణుడు రాబర్ట్ కాట్జ్‌మన్ వైద్య పత్రికలో గట్టిగా రాసింది 1976లో. రీటా ఫోటోలు పత్రికలకెక్కిన సంవత్సరమే అది! డాక్టర్లే అప్పుడప్పుడే కళ్లు తెరుస్తున్న రోజుల్లో ఫోటోలు తీసేవాళ్లకీ, చూసేవాళ్లకీ ఏం తెలుస్తుంది?

తల్లికి తల్లి అయిన కూతురు

చివరికి 1980లో రీటాకి ఉన్నది అల్జీమర్స్ అని డాక్టర్లు తేల్చారు. 1981లో ఈ సంగతి అందరికీ తెలిసింది. తన బాగోగులు తాను చూసుకునే స్థితి దాటిపోవడంతో, ఆ ఏడాది జులైలో లాస్ ఏంజెల్స్ కోర్టు ఆమె బాధ్యతని చిన్నకూతురు యాస్మిన్‌కి అప్పగించింది.

యాస్మిన్‌కి అప్పుడు ముప్పై ఒక్కేళ్లు. సంగీతం నేర్చుకుని గాయని కావాలన్నది ఆమె కోరిక. తల్లిని న్యూయార్క్ తీసుకొచ్చి, సెంట్రల్ పార్క్ ఎదురుగా ఉన్న భవనంలో తన ఫ్లాట్ పక్కనే ఉంచుకుంది. రాత్రింబవళ్లు చూసుకోవడానికి మనుషుల్ని పెట్టింది. మందుతో నయమయ్యే జబ్బు కాదని తెలుసు. మాట తగ్గిపోతోంది. మనుషుల్ని గుర్తుపట్టడం పోతోంది. కళ్లముందే అమ్మ ఉంది, కానీ తనని కూతురని పోల్చుకోలేదు. ఈ బాధ పడ్డవాళ్లకే తెలుస్తుంది.

యాస్మిన్ అక్కడితో ఆగలేదు. ఇంటి గుట్టు అని దాచుకోకుండా తల్లి జబ్బు గురించి బాహాటంగా మాట్లాడింది. అమెరికాలో అల్జీమర్స్ సంఘం 1980లో పుట్టింది. అప్పటికి ఆ పేరు పలకడం కూడా చాలామందికి రాదు. రీటా లాంటి తారకి ఆ జబ్బు అనేసరికి ఇల్లిల్లూ ఉలిక్కిపడింది. మా అమ్మకీ ఇలాగే ఉందే అని ఎందరో గుర్తుపట్టారు. తల్లి పేరు మీద యాస్మిన్ ఏటా విందు సభలు జరిపి, పరిశోధనకీ రోగుల సాయానికీ కోట్ల డాలర్లు పోగుచేసింది.

1987 మే 14న రీటా న్యూయార్క్‌లోని ఆ ఇంట్లోనే కన్నుమూసింది. అప్పటికి ఆమెకి అరవై ఎనిమిదేళ్లు. ఆమె మరణానికి సంతాపం తెలిపినవాళ్లలో ఒకప్పటి హాలీవుడ్ నటుడు, అప్పటి అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ కూడా ఉన్నాడు. ఏడేళ్ల తర్వాత, 1994 నవంబరులో, తనకీ అదే జబ్బు వచ్చిందని ఆయన ప్రజలకి ఉత్తరం రాశాడు. ఆయన్ని ఎవరూ నిందించలేదు. జాలిపడ్డారు, గౌరవించారు. రీటాకి దక్కని మర్యాద ఆయనకి దక్కిందంటే, ఆ మధ్యలో జబ్బు పేరు జనానికి తెలియడమే అందుకు పెద్ద కారణం.

మన ఇళ్ల మాటేమిటి?

2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం మనదేశంలో అరవై దాటినవాళ్లలో దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే బుద్ధి మందగించే జబ్బు ఉంది. వాళ్లలో మగవాళ్లకన్నా ఆడవాళ్ల శాతం ఎక్కువ. డిమెన్షియాలో ఎక్కువ భాగం అల్జీమర్సే. వాళ్లని కనిపెట్టుకుని ఉండేది కూడా చాలా ఇళ్లలో కోడళ్లు, కూతుళ్లే.

మనం తాగుడు అనం. చాదస్తం అంటాం. మొండితనం అంటాం. గాజులు తనే ఎక్కడో దాచి కోడలు తీసిందంటే కావాలని నింద వేస్తోందనుకుంటాం. అడిగిందే అడుగుతుంటే విసిగిస్తోందంటాం. పేరు వేరు, చేసే తప్పు ఒకటే. జబ్బుని గుణం అనుకోవడం.

ఇంట్లో పెద్దవాళ్లలో ఈ తేడాలు కనిపిస్తే ఏం చేయాలి?

తాళంచెవి ఎక్కడ పెట్టారో మర్చిపోవడం అందరికీ ఉండేదే. తాళంచెవి దేనికో తెలీకపోతే, బాగా తెలిసిన పని వరస తప్పితే, తెలిసిన దారి తప్పితే డాక్టర్‌కి చూపించండి. బి12 విటమిన్ తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, దిగులు జబ్బున్నా ఇలాంటి మరపే వస్తుంది. వాటిని చాలావరకు సరిచేయొచ్చు. అల్జీమర్స్ అని తేలితే పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు. కొంతకాలం లక్షణాల్ని తగ్గించే మందులు ఉన్నాయి. తొలిదశలో కొందరికి జబ్బు వేగాన్ని కాస్త తగ్గించే కొత్త మందులు కూడా ఇటీవల కొన్ని దేశాల్లో వచ్చాయి.

ఇంట్లో చేసుకోగలిగినవీ ఉన్నాయి. నేలమీద ముదురు రంగు పట్టాలు తీసేయండి. సాయంత్రం కాగానే దీపాలు బాగా వెలిగించండి. అద్దం చూసి భయపడితే గుడ్డ కప్పండి. అన్నం రంగుకి తేడాగా ఉండే పళ్లెంలో పెట్టండి. గ్యాస్ సిలిండర్ దగ్గర కట్టేయడం మరవకండి. ఫోన్ నంబరు రాసిన చీటీ ఎప్పుడూ వాళ్ల దగ్గర ఉంచండి. స్నానం చేసి బట్టలు కట్టుకోమని అంతా ఒకేసారి చెప్పకుండా, ఒక్కో పని ఒక్కోసారి చెప్పండి. గుర్తులేదా అని పరీక్షలు పెట్టకండి. వాదించి గెలవాలని చూడకండి. మాట మళ్లించండి.

చూసుకునే మనిషికీ విశ్రాంతి కావాలి. యాస్మిన్‌కి డబ్బుంది, సాయానికి మనుషులున్నారు. మన ఇళ్లలో ఒక్క కోడలో, ఒక్క కూతురో రాత్రుళ్లు నిద్రలేకుండా నలిగిపోతుంటారు. మగవాళ్లూ, మిగతా తోబుట్టువులూ వారంలో కొన్ని రోజులు పంచుకోవాల్సిందే. మన దేశంలో ఇలాంటి కుటుంబాలకి తోడుగా అల్జీమర్స్ సంఘం ఒకటి 1992లో కేరళలో మొదలైంది. హైదరాబాద్‌లోనూ దాని శాఖ ఉంది. అడగడానికి మొహమాటపడకండి.

జబ్బుకి సరైన పేరు దొరికాక రీటా ఇంకో ఏడేళ్లు బతికింది. ఆ ఏడేళ్లలో ఆమెని తిట్టినవాళ్లు లేరు. చేయి పట్టుకున్నవాళ్లున్నారు. ఆ పేరు పదేళ్లు ముందే దొరికి ఉంటే సినిమా సెట్టు మీద, విమానాశ్రయంలో అంత అవమానం ఆమె పడేది కాదు. మన ఇంట్లో పెద్దావిడ ఈసారి అడిగిందే అడిగినప్పుడు, విసుక్కునే ముందు ఈ సంగతి ఒక్కసారి గుర్తు తెచ్చుకుందాం.